పిన్నికి చదివి వినిపించగలిగే ఉత్తరం

2013 జనవరిలో ఇంగ్లండ్ నుంచి ఇద్దరు పెద్దవయసు దంపతులు మా ఆసుపత్రి చూడడానికి వచ్చారు. ఉత్తరాంధ్రలో ఒక స్వచ్ఛంద సంస్థ నడిపే కుష్టు ఆసుపత్రి అది. వాళ్లు మాకు ఎన్నో ఏళ్లుగా నెలనెలా డబ్బు పంపుతున్న దాతలు. వార్డులన్నీ తిరిగాక ఆవిడ హ్యాండ్‌బ్యాగ్‌లోంచి మడతలు పడిన కాగితం ఒకటి తీసింది. విరాళం అడుగుతూ రెండేళ్ల కిందట మేం పంపిన అప్పీల్ లెటర్. పైన ఒక స్త్రీ ఫొటో ఉంది. ఈమెను ఒక్కసారి చూడాలని ఉంది అని అడిగింది.

ఫొటోలో ఉన్నావిడ ఆ రోజు ఆసుపత్రిలోనే ఉంది. కాలి పుండుకి కట్టు మార్పించుకోవడానికి ప్రతి మంగళవారం వచ్చేది. నేను ఆమెను పిన్నీ అని పిలిచేదాన్ని, ఇక్కడా అలాగే అంటాను. డ్రెస్సింగ్ రూం బయట బెంచీ మీద కూర్చోబెట్టాం. మాటలు అటూ ఇటూ చెప్పే పని నాకిచ్చారు, ఎందుకంటే ఆ ఉత్తరం రాసింది నేనే.

ఇంగ్లండావిడ పిన్ని చేతులు రెండూ తన చేతుల్లోకి తీసుకుంది. నీ భర్త నిన్ను వదిలేసి వెళ్లిపోయాడని చదివి చాలా ఏడ్చానని చెప్పింది.

నేను దాన్ని తెలుగులో చెప్పాలి. బాబాయ్ అక్కడే ఉన్నాడు. గోడ పక్కన, మధ్యాహ్నం అన్నం క్యారేజీ పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఊళ్లో ఉన్నన్నాళ్లూ ప్రతి మంగళవారం ఆమెను సైకిల్ వెనక కూర్చోబెట్టుకుని తెచ్చేది ఆయనే. "మీ గురించి చదివి బాధపడ్డారట పిన్నీ" అన్నాను. "ఏటి సదివారు?" అంది. నేను నసిగాను. మళ్ళీ అడిగింది. చెప్పక తప్పలేదు.

"నాను ఆ మాట ఎప్పుడు సెప్పినానమ్మా?" అంది పిన్ని. గొంతులో కోపం లేదు. నిజంగానే గుర్తు చేసుకోవడానికి ప్రయత్నిస్తున్నట్టు అడిగింది. బాబాయ్ ఏమీ అనలేదు. క్యారేజీ ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు.

అప్పటికి మన దేశంలో కుష్టు ఉందన్న కారణంతో విడాకులు తీసుకోవచ్చు. 1955 నాటి హిందూ వివాహ చట్టంలో ఆ వీలు ఉండేది, దాన్ని 2019లో తీసేశారు. చట్టమే వదిలేయవచ్చని చెప్పినా వదలని మనిషిని నేను కాగితం మీద భార్యను వదిలేసేలా చేశాను.

అది ఎలా జరిగిందో చెప్పాలి, ఎందుకంటే ఎవరూ కూర్చుని అబద్ధం అల్లలేదు. నేను ఫీల్డ్ విజిట్ నుంచి వచ్చి రాసిన నోట్‌లో, ఏడాదిలో కొన్ని నెలలు భర్త చెన్నైకి బిల్డింగ్ పనికి వెళ్తాడు, అప్పుడు ఆమె ఒక్కతే ఉంటుంది అని ఉంది. ఉత్తరాలు డిజైన్ చేసే ఏజెన్సీ దాన్ని కుదించి, భర్త వెళ్లాక ఒంటరిగా ఉంటోంది అని రాసింది. ఇంకో చేయి పడేసరికి భర్త వెళ్లిపోయాడు అయింది. చివరి ప్రూఫ్‌లో వదిలేసి వెళ్లిపోయాడు. ఇంగ్లీషులో ఈ మాటల మధ్య దూరం చాలా తక్కువ. ఆ ప్రూఫ్ నాకు రాత్రి పదకొండింటికి వచ్చింది. నేను ఓకే అని పంపాను. తెలుగులో చదివి ఉంటే ఆ వాక్యం దగ్గర తప్పకుండా ఆగేదాన్ని. తెలుగులో 'పనికి వెళ్లాడు' అన్నది 'వదిలేశాడు'గా మారదు.

ఆ మంగళవారం తర్వాత నాకొక నియమం ఏర్పడింది. డబ్బు కోసం ఎవరి గురించి రాస్తామో వాళ్ల ఎదురుగా కూర్చుని, వాళ్ల భాషలో ఆ ఉత్తరం మొత్తం చదివి వినిపించాలి. వినిపించలేని వాక్యం పంపకూడదు. ఇది మంచి మర్యాద కాబట్టి చెప్పడం లేదు. ఇది లేకపోతే మా పని చెడిపోతుంది, డబ్బు కూడా చివరికి ఆగిపోతుంది. నేను వాదించదలచుకున్నది ఇదే.

ఈ ఉద్యోగం గురించి తెలియనివాళ్ల కోసం కొంచెం చెబుతాను. నేను 2002 నుంచి ఆరేళ్లు ఒక తెలుగు పేపర్లో సబ్ ఎడిటర్‌గా చేశాను. 2008లో ఈ సంస్థకి కమ్యూనికేషన్స్ ఆఫీసర్‌గా వెళ్తున్నానంటే మా నాన్న, "అంటే చందాలు వసూలు చేస్తావా?" అని అడిగాడు. లేదు నాన్నా, రాసే పని అన్నాను. నెల తిరిగేసరికి నాన్న మాటే నిజమని తెలిసింది. ఆరోగ్య రంగంలో పనిచేసే స్వచ్ఛంద సంస్థల్లో రాయడం, డబ్బు అడగడం అనేవి రెండు ఉద్యోగాలు కావు. వార్షిక నివేదిక రాసినా, డోనర్ రిపోర్ట్ రాసినా, ఫేస్‌బుక్ పోస్టు పెట్టినా దాని వెనక ఎక్కడో ఒక అంకె ఉంటుంది. ఈ క్వార్టర్‌లో ఎంత రావాలి, ఎంత వచ్చింది. దాని టెన్షన్ నర్సుకీ డాక్టరుకీ తెలియకుండా మోయడం మా పనిలో భాగం. అందులో నాకు సిగ్గేమీ లేదు. డబ్బు రాకపోతే డ్రెస్సింగ్ రూంలో పుండుకి కట్టే గుడ్డ ఉండదు.

ఒక మనిషి ముఖం చూపించి డబ్బు అడిగితే ఎక్కువ వస్తుందని అందరికీ తెలుసు. దాన్ని పరీక్షించి చూసినవాళ్లూ ఉన్నారు. 2007లో డెబొరా స్మాల్, జార్జ్ లోవెన్‌స్టీన్, పాల్ స్లోవిక్ అనే ముగ్గురు పరిశోధకులు ఒక ప్రయోగం ఫలితాలు అచ్చు వేశారు. చేతిలో 5 డాలర్లున్న మనుషులకి ఆఫ్రికాలో ఆకలి గురించిన లెక్కలు చూపించి విరాళం అడిగితే సగటున 1.14 డాలర్లు ఇచ్చారు. లెక్కలు లేకుండా మాలీ దేశపు రోకియా అనే ఏడేళ్ల పాప గురించి చెబితే 2.38 ఇచ్చారు. పాప కథా చెప్పి లెక్కలూ చూపిస్తే 1.43కి పడిపోయింది. మా రంగంలో ఈ ప్రయోగం తెలియనివాళ్లు ఉండరు. శిక్షణ తరగతుల్లో మొదటి రోజే చెబుతారు. దాంతో అందరం నేర్చుకునేది ఒకటే: ఒక్క మనిషి, ఒక్క కష్టం, కారణాలు వద్దు, లెక్కలు వద్దు.

ఆ ప్రయోగం చెప్పింది నిజమే. కానీ అది కొలిచింది ఒక్కసారి ఇచ్చే డబ్బుని. అలా ఇచ్చిన మనిషి పదేళ్ల తర్వాత ఆ జబ్బు గురించి ఏం తెలుసుకుని ఉంటాడు, ప్రభుత్వం ఆ ఆసుపత్రికి డబ్బు ఆపేస్తే లేచి అడుగుతాడా, అన్నది ఆ ప్రయోగం చూడలేదు. చూడడం దాని పనీ కాదు. అది చూడాల్సింది మేము.

పిన్ని ఉత్తరంలో నేను ఏమేం వదిలేశానో ఇప్పుడు ఆలోచిస్తే బాధేస్తుంది. కుష్టు అంటే నరాలకి పట్టే జబ్బు. స్పర్శ పోతుంది. పొయ్యి మీంచి గిన్నె దింపేటప్పుడు చేయి కాలినా తెలియదు, చెప్పులో రాయి పడినా తెలియదు. వేళ్లు పోవడానికి కారణం చాలావరకు అలా తెలియకుండా తగిలిన దెబ్బలే. మూడు మందులు కలిపిన ఎం.డి.టి. ఆరు నెలలో ఏడాదో వాడితే నయమవుతుంది. మందు మొదలుపెట్టిన కొద్ది రోజులకే ఇంకొకరికి అంటించే అవకాశం పోతుంది. 2000 నుంచి నోవార్టిస్ కంపెనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ ద్వారా ఆ మందుని అన్ని దేశాలకీ ఉచితంగా ఇస్తోంది. అంటే కుష్టులో మందుకి డబ్బు కొరత లేదు. కొరత ఉన్నది జబ్బుని ముందుగా కనిపెట్టే మనిషికి, ఇంటింటికీ తిరిగి వీపు మీద తెల్లమచ్చ చూసే కార్యకర్తకి, మెత్తటి రబ్బరుతో కుట్టే ఎం.సి.ఆర్. చెప్పులకి. ఇవన్నీ చెప్పగలిగే ఉత్తరంలో నేను చెప్పింది భర్త వదిలేశాడని. చదివినావిడ ఏడ్చింది, డబ్బు పంపింది. పిన్ని పాదానికి ఏం కావాలో మాత్రం ఆమెకి తెలియలేదు.

ఒక్క మాట తప్పుగా వెళ్తే ఎంత నష్టమో అంతకుముందే ఇంకోలా చూశాను. 2005 డిసెంబరు నాటికి మన దేశం కుష్టును 'ఎలిమినేట్' చేసిందని ప్రభుత్వం ప్రకటించింది. అప్పుడు నేను డెస్కులో ఉన్నాను. 'దేశంలో కుష్టు నిర్మూలన' అని హెడ్డింగ్ పెట్టింది నేనే. ఇంగ్లీషులో ఎలిమినేషన్ వేరు, ఎరాడికేషన్ వేరు. మొదటిదానికి ఒక లెక్క ఉంది: పదివేల మందిలో ఒక్క కేసు కన్నా తక్కువకి రావడం. రెండోది మశూచిలా అసలు లేకుండా పోవడం. తెలుగులో రెండింటికీ మనం నిర్మూలన అనే రాస్తాం. మూలంతో సహా పీకేశాం అని దాని అర్థం. వేళ్లతో పీకేసిన చెట్టుకి మళ్ళీ ఎవరు నీళ్లు పోస్తారు, ఎవరు కాపలా కాస్తారు? రెండున్నరేళ్లకి ఆసుపత్రిలో చేరి చూస్తే కొత్త రోగులు వస్తూనే ఉన్నారు, పిల్లలతో సహా. ఈ రోజుకీ ప్రపంచంలో కొత్తగా బయటపడే కుష్టు కేసుల్లో సగానికి పైగా మన దేశంలోనే, ఏటా లక్షకు పైగా. నిర్మూలన అయిపోయిందని మా పేపరు చదివిన ఇంట్లో, పిల్లవాడి వీపు మీద మచ్చ కనిపిస్తే కుష్టేమో చూపిద్దామన్న ఆలోచన వస్తుందా? ఇప్పుడు నేను 'అదుపులోకి తేవడం' అని రాస్తాను. హెడ్డింగ్‌కి బాగా కుదరదు. అయినా అదే రాస్తాను.

రోగులు తమ గురించి వాడే మాటల్ని తామే ఎంచుకోవాలన్న ఆలోచన నాకు పిన్ని దగ్గర తట్టింది కానీ, అది అంతకు 30 ఏళ్ల కిందటిదని తర్వాత తెలిసింది. 1983లో అమెరికాలోని డెన్వర్‌లో జరిగిన ఒక సమావేశంలో ఎయిడ్స్ ఉన్న కొందరు తమను 'బాధితులు' అనవద్దని, 'ఎయిడ్స్‌తో ఉన్న మనుషులు' అనాలని ప్రకటన చేశారు. తమ గురించి నిర్ణయాలు చేసే ప్రతి చోటా తమకి కుర్చీ కావాలన్నారు. అప్పటికి ఆ జబ్బుకి మందే లేదు. మందు వచ్చాక దాన్ని పేద దేశాలకి అందేలా చేసిన పోరాటంలో ముందున్నదీ అలాంటి మనుషులే. ఎయిడ్స్, టీబీ, మలేరియాల మీద పోరాటానికి డబ్బిచ్చే గ్లోబల్ ఫండ్ 2002లో, పేద దేశాల్లో ఎయిడ్స్ వైద్యానికి సాయం చేసే అమెరికా ప్రభుత్వపు పెప్‌ఫార్ కార్యక్రమం 2003లో వచ్చాయంటే దాని వెనక వాళ్ల గొంతు ఉంది. జాలి ఉత్తరాలతో అంత డబ్బు ఎప్పుడూ రాలేదు. మన దగ్గర కూడా 2017లో హెచ్ఐవీ చట్టం వచ్చి, మనిషి ఒప్పుకోకుండా అతనికి ఆ జబ్బు ఉందని బయటపెట్టకూడదని చెప్పింది. కుష్టుకి, టీబీకి అలాంటి ప్రత్యేక చట్టం లేదు. మాలాంటివాళ్ల మనస్సాక్షి మీద వదిలేశారు.

పోలియో సంగతి చూడండి. ప్రచారం విషయంలో మన దేశంలో ఇంతకన్నా బాగా జరిగిన పని ఇంకొకటి నాకు కనిపించదు. మా వీధిలో బట్టల కొట్టాయన రోటరీ క్లబ్ మెంబరు. పోలియో ఆదివారం నాడు పొద్దున్నే కొట్టు మూసేసి ఎలిమెంటరీ స్కూల్లో టేబుల్ వేసుకుని కూర్చునేవాడు. ముందుగా సొంత మనవడికి చుక్కలు వేయించి, ఆ పిల్లవాణ్ణి చంకనేసుకునే మిగతావాళ్లని పిలిచేవాడు. చందా ఇచ్చిందీ, చుక్కలు వేయించుకుందీ ఒకే వీధి. 2011 జనవరి 13న హౌరాలో నమోదైన కేసు మన దేశంలో సహజ పోలియో వైరస్ వల్ల వచ్చిన చివరిది. 2014 మార్చి 27న మన దేశంతో సహా ఆగ్నేయాసియాని పోలియో లేని ప్రాంతంగా ధ్రువీకరించారు. అన్నేళ్లు, అన్ని విడతలు విసుగు లేకుండా సాగడానికి జాలి ఒక్కటే సరిపోయేది కాదు.

ఇక 2025. జనవరి 20న అమెరికా అధ్యక్షుడు ట్రంప్ విదేశీ సాయాన్ని 90 రోజులు నిలిపేస్తూ ఉత్తర్వు ఇచ్చారు. మార్చిలో, ఆ సాయాన్ని పంచే ప్రభుత్వ సంస్థ యూఎస్ఎయిడ్ కార్యక్రమాల్లో 83 శాతం రద్దు చేశామని విదేశాంగ మంత్రి రూబియో ప్రకటించారు. జులై 1తో ఆ సంస్థ పని ముగిసింది. అప్పటికి నేను టీబీ మీద పనిచేసే ఇంకో సంస్థలో ఉన్నాను. వారం రోజుల్లో నాకు తెలిసిన పదిమంది ఉద్యోగాలు పోయాయి. హైదరాబాద్‌లో ట్రాన్స్‌జెండర్ల కోసం 2021లో అమెరికా సాయంతో తెరిచిన మిత్ర్ క్లినిక్ మూతపడింది. ట్రాన్స్‌జెండర్లకి ఇంకెక్కడా దొరకని మర్యాద అక్కడ దొరికేది, ఎందుకంటే అక్కడ పనిచేసేవాళ్లలో ఎక్కువమంది వాళ్లే. దేశంలోని దాతల సాయంతో తర్వాత వేరే పేరుతో మళ్ళీ తెరుచుకుంది. మధ్యలో ఆ గుమ్మం దాకా వచ్చి వెనక్కి వెళ్లినవాళ్లు ఎక్కడికి వెళ్లి ఉంటారన్న ఆలోచన నన్ను ఇప్పటికీ వదలదు.

ఆ నిర్ణయం తప్పని నేను గట్టిగా నమ్ముతాను. కానీ దాని దాకా రావడంలో మా వృత్తి చేసిన తప్పు కూడా ఉంది. బడ్జెట్‌లో విదేశీ సాయం ఎంత ఉంటుందని అమెరికన్లని అడిగితే సగటున నాలుగో వంతు ఉంటుందని చెబుతారు, అక్కడ ఆరోగ్య విధానాల మీద పరిశోధన చేసే కేఎఫ్ఎఫ్ సంస్థ సర్వేలు ఏళ్ల తరబడి ఇదే చూపించాయి. నిజానికి అది దాదాపు 1 శాతం. ప్రతి పెట్టె మీద, ప్రతి బోర్డు మీద 'అమెరికా ప్రజల నుంచి' అని ముద్ర వేశాం. ఆ ప్రజలకి మాత్రం తాము ఎంత ఇస్తున్నారో, దేనికి ఇస్తున్నారో చెప్పలేకపోయాం. పెప్‌ఫార్ ఒక్కటే రెండున్నర కోట్ల ప్రాణాలు నిలిపిందని అంచనా. ఆ మాట ఊళ్లో ప్రతి ఇంటికీ తెలిసి ఉండాల్సింది. మేం మాత్రం సక్సెస్ స్టోరీలు రాశాం. వాటిని చదివేది డబ్బిచ్చే సంస్థల్లోని ప్రోగ్రాం ఆఫీసర్లు. అందులో రోగి పేరు మార్చి, కష్టం పెంచి, చివరి పేరాలో సాయం చేసిన సంస్థకి కృతజ్ఞతలు చెప్పించేవాళ్లం. నిజంగా ఎవరైనా ఆ మాటల్లో కృతజ్ఞత చెప్పడం నేను ఎప్పుడూ వినలేదు. పిన్ని ఎప్పుడైనా థాంక్స్ చెప్పాలనుకుంటే కొంగులోంచి రెండు జామకాయలు తీసి టేబుల్ మీద పెట్టేది.

ఖర్చుల గురించి కూడా మేం ఇలాంటి తప్పే చేశాం. మీరిచ్చే ప్రతి రూపాయీ నేరుగా రోగికే అని రాసి రాసి, ఆఫీసు అద్దె, అకౌంటెంట్ జీతం అంటే దొంగ ఖర్చు అన్న అభిప్రాయం మేమే నాటాం. 2020లో విదేశీ విరాళాల చట్టాన్ని సవరించి పరిపాలన ఖర్చుల పరిమితిని 50 నుంచి 20 శాతానికి తగ్గించారు. సీఎస్ఆర్ కింద, అంటే సామాజిక బాధ్యతగా కంపెనీలు పెట్టే ఖర్చులో, కంపెనీ తన సొంత పరిపాలనకి వాడుకోగలిగేది 5 శాతమే. దుర్వినియోగం జరగకూడదన్నది సరైన కోరికే. కానీ మంచి అకౌంటెంట్ లేని చోటే దుర్వినియోగం జరుగుతుంది.

ఇప్పుడు నా నియమానికి వచ్చే అభ్యంతరాలు. అవి చిన్నవేమీ కావు. మొదటిది, టైం. డెడ్‌లైన్ రేపు అయితే రోగి ఊరు ఎనభై కిలోమీటర్లు ఉంటుంది. దీనికి నా జవాబు, ఫోన్లో చదవండి, లేదా డెడ్‌లైన్ జరపండి. రెండోది, డబ్బు తగ్గుతుందని. తగ్గింది. చదివి వినిపించిన తర్వాత పంపిన మొదటి ఉత్తరానికి అంతకుముందు కన్నా తక్కువే వచ్చింది, నేను డైరెక్టర్ గారి ముందు కూర్చుని దానికి సంజాయిషీ చెప్పుకున్నాను. కానీ ఆ ఉత్తరానికి డబ్బుతో పాటు ప్రశ్నలు వచ్చాయి. చెప్పుల రబ్బరు ఎక్కడ దొరుకుతుంది, ఒక జత ఎన్నాళ్లు వస్తుంది, ఊళ్లో పిల్లల్ని ఎవరు పరీక్ష చేస్తారు? ప్రశ్నలు అడిగినవాళ్లలో చాలామంది ఆ తర్వాత ఎన్నో ఏళ్లు మాతోనే ఉన్నారు. మొదటి ఏడాది ఓపిక పట్టనివ్వడం డైరెక్టర్ గారి మంచితనం. అందరికీ ఆ అవకాశం ఉండదని నాకు తెలుసు.

మూడో అభ్యంతరం దగ్గర నేను చాలా రోజులు ఆగిపోయాను. వైద్యం చేస్తున్న సంస్థ వచ్చి అడిగితే రోగి కాదంటుందా? కాన్సెంట్ ఫారం ఇంగ్లీషులో ఉంటుంది, కింద వేలిముద్ర ఉంటుంది. వద్దంటే రేపు కట్టు కట్టరేమోనన్న భయం ఆ వేలిముద్రలో ఉంటుంది. ఉత్తరం చదివి వినిపించినా ఆ భయం ఉంటే తల ఊపుతుంది. దీనికి పూర్తి పరిష్కారం నా దగ్గర లేదు. నేను చేసినవి చెబుతాను. నర్సుతో, డాక్టరుతో అడిగించడం మానేశాం. ఫొటో వద్దంటే మందు ఆగదని ముందూ చెప్పాం, చివరా చెప్పాం. ఇంటికి వెళ్లిన రెండు వారాలకి మళ్ళీ అడిగాం. అప్పుడు కొందరు వద్దన్నారు. వాళ్ల ఫొటోలు తీసేశాం. ఒకరిద్దరి ఫొటోలు చాలా బాగుండేవి, కవర్ పేజీకి అనుకున్నవి. తీసేశాం. వద్దు అనే మాట రావడం మొదలయ్యాకే సరే అన్న మాట మీద నాకు నమ్మకం కుదిరింది.

ఈ రంగంలోకి వస్తామని పిల్లలు కొందరు నాకు మెసేజ్‌లు పెడుతుంటారు. ఇంగ్లీషు బాగా రావాలా అని అడుగుతారు. రావాలి. కానీ ముందు మూడు నెలలు ఓపీలో కూర్చోండి. నోట్‌బుక్ తీయకుండా కూర్చోండి. తర్వాత అకౌంట్స్ వాళ్ల దగ్గర కూర్చుని బడ్జెట్ చదవడం నేర్చుకోండి. ఒక కాలి కట్టుకి ఎంత అవుతుందో తెలియని మనిషి దానికి డబ్బు అడగకూడదు.

తెలుగువాళ్లకి ఇవ్వడం కొత్తగా నేర్పాల్సిన పని లేదు. మా ఊరి రామాలయంలో ఫ్యాను రెక్కల మీద, హైస్కూల్లో బెంచీల వెనకాల 'ఫలానా వారి జ్ఞాపకార్థం' అని పేర్లుంటాయి. నిజామాబాద్ దగ్గర డిచ్‌పల్లిలో స్కాట్లండ్ నుంచి వచ్చిన డాక్టర్ ఇసబెల్ కెర్ వందేళ్ల కిందట కుష్టు ఆసుపత్రి కట్టినప్పుడు పెద్ద విరాళం ఇచ్చింది రాజా నర్సాగౌడ్ అనే స్థానికుడు. 2014లో ప్రపంచమంతా తల మీద ఐసు నీళ్లు పోసుకుంటుంటే, హైదరాబాద్ జర్నలిస్టు మంజులత కళానిధి రైస్ బకెట్ చాలెంజ్ మొదలుపెట్టి, పక్కింటి ఆకలికి ఒక బకెట్ బియ్యం ఇవ్వమన్నారు. నాకు ఆ ఆలోచన చాలా నచ్చింది. తీసుకున్న మనిషిని పక్కన నిలబెట్టి ఫొటో దిగినవాళ్లు మాత్రం నచ్చలేదు.

ఇవన్నీ చూసి నేను ఎక్కువగా తలుచుకునేది తిరుమల అన్నదానాన్ని. 1985లో మొదలైంది. దానికి డబ్బిచ్చినవాళ్లు తినేవాడి ఆకలి ఫొటో పంపమని అడగరు. కొండకి వెళ్లినప్పుడు తామూ అదే పంక్తిలో కూర్చుని తింటారు. పక్కన కూర్చున్నది ఎవరో, ఎందుకు వచ్చారో అడగరు. మా ఉత్తరం కూడా ఇచ్చేవాళ్లనీ తీసుకునేవాళ్లనీ అలా ఒకే పంక్తిలో కూర్చోబెట్టాలి. మీరు ఏ ఆరోగ్య సంస్థకైనా డబ్బిస్తుంటే, ఏడుస్తున్న పిల్లవాడి ఫొటోతో మెసేజ్ వచ్చినప్పుడు ఒక్క ప్రశ్న అడగండి: దీన్ని ఆ పిల్లవాడి తల్లికి చదివి వినిపించారా? జవాబు రాకపోతే వేరే సంస్థకి ఇవ్వండి. ఇవ్వడం మాత్రం మానకండి.

ఇంగ్లండ్ దంపతులు వెళ్లిన ఏడాదికి, పిన్ని ఒప్పుకుంటే ఆమె గురించే ఇంకో ఉత్తరం రాస్తానని అడిగాను. ఆలోచించి వచ్చే వారం చెబుతానంది. చెప్పింది. రాసి తీసుకెళ్లి వాళ్లింటి అరుగు మీద కూర్చుని తెలుగులో చదివాను. బాబాయ్ కూడా వచ్చి కూర్చున్నాడు. పిన్ని నాలుగు చోట్ల ఆపింది. వాళ్లకి ఉన్నది ఆవు కాదు, గేదె. పెద్దరోగం అన్న మాట తీసేయమంది, జబ్బు అంటే చాలంది. కాలు కాలింది పొయ్యి దగ్గర కాదు, ఎండలో తారు రోడ్డు మీద నడిచి, చెప్పు ఎప్పుడు జారిపోయిందో తెలియక. బాబాయ్ గురించి రాసిన పేరా మళ్ళీ చదవమంది. ప్రతి మంగళవారం సైకిల్ మీద పన్నెండు కిలోమీటర్లు అని చదివాను. బాబాయ్ తల వంచుకుని విన్నాడు.

అంతా అయ్యాక కాగితాలు సర్దుకుంటుంటే పిన్ని నా చేయి పట్టుకుని ఆపింది.

"కొత్త సెప్పులు మడమ కాడ బిగువుగా ఉన్నాయని కూడా రాయమ్మా. ఆల్లు ఇచ్చిన డబ్బులే కదా, ఆల్లకి తెలియాల."

రాశాను.